గేటు ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి?

2011 సెప్టెంబరు 7. ఢిల్లీ హైకోర్టు అయిదో నంబరు గేటు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. కేసుల కోసం వచ్చిన కక్షిదారులు, వారి బంధువులు లోపలికి వెళ్లడానికి పాసులు తీసుకునే వరస అది. ఉదయం పది గంటలు దాటిన కాసేపటికి ఆ వరసలోనే బాంబు పేలింది. పేలుడు పదార్థాన్ని చేతి పెట్టెలో దాచి అక్కడ వదిలారు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి, పదుల సంఖ్యలో గాయపడ్డారు. ముష్కరులు న్యాయస్థానం గడప దాటలేదు. దాటాల్సిన అవసరమే వారికి కలగలేదు. భవనాన్ని కాపాడటానికి పెట్టిన తనిఖీయే జనాన్ని ఒకచోట పోగు చేసి లక్ష్యంగా నిలబెట్టింది. అదే ఏడాది మే 25న అదే న్యాయస్థానం బయట చిన్న పేలుడు జరిగింది. ఆ హెచ్చరిక తర్వాత కూడా ఆ గేటు దగ్గర సీసీ కెమెరాలు లేకపోవడం తీవ్ర విమర్శలకు దారితీసింది.

2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం అబ్బే గేటు దగ్గర ఇంతకంటే ఘోరం జరిగింది. దేశం విడిచి వెళ్లాలని గేటు బయట కిక్కిరిసిన జనంలోకి ఆత్మాహుతి బాంబరు చొరబడ్డాడు. 13 మంది అమెరికా సైనికులతో పాటు సుమారు 170 మంది అఫ్గాన్లు బలయ్యారు. అక్కడా గేటు దాటే పని పడలేదు.

ముంబయి దాడుల తర్వాత మన నగరాల్లో కార్యాలయాలు, ఆసుపత్రులు, మాల్స్, హోటళ్లు, న్యాయస్థానాల ముంగిట రకరకాల అడ్డుగేట్లు వెలిశాయి. కార్డు చూపిస్తే తిరిగే ఉక్కు చేతులు, దగ్గరకు వెళితే తెరుచుకునే గాజు రెక్కలు, ముఖం చూసి దారిచ్చే యంత్రాలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వీటిని కొనే నిర్ణయం చాలాచోట్ల భద్రతాధికారి చేతిలో ఉండదు. లాబీ అందం చూసే వాస్తుశిల్పి, తక్కువ ధర చూసే కొనుగోళ్ల విభాగం ఆ పని చేసేస్తాయి. నిజానికి గేటు ఎంపికకు ముందు మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఎవరిని ఆపాలి? రద్దీ వేళ నిమిషానికి ఎంతమందిని వదలాలి? ఆపద ముంచుకొస్తే లోపలివారు ఎటు నుంచి బయటపడాలి? మొదటి ప్రశ్న అందరూ వేస్తారు. రెండోది కొందరు వేస్తారు. మూడోది వేసేవారు తక్కువ. దక్షిణాసియాలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఆ మూడో ప్రశ్నే.

గేటు చేయగల పని ఎంత?

నడుము ఎత్తున ఉండే ఏ గేటూ ఏకే-47 పట్టుకొచ్చినవాడిని ఆపలేదు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఇద్దరు ముష్కరులు కాల్పులు జరిపి 50 మందికి పైగా పొట్టన పెట్టుకున్నారు. అలాంటి దాడిని ఎదుర్కొనేది సాయుధ బలగం, నిఘా సమాచారం, దూరం నుంచే వాహనాలను నిలిపే వలయం. గేటు చేయగలిగిన పనులు వేరు. లోపల ఎవరున్నారో లెక్క చెబుతుంది. అనుమతి లేనివారిని కొంతసేపు ఆలస్యం చేస్తుంది. ఎవరైనా బలవంతంగా చొరబడితే అలారం మోగించి కాపలాదారుకు తెలియజేస్తుంది. ఈ మూడూ విలువైనవే. వీటిని మించి ఆశిస్తేనే చిక్కు.

మన పార్లమెంటు అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. 2001 డిసెంబరు 13న అయిదుగురు ఉగ్రవాదులు హోంశాఖ స్టిక్కరు అంటించిన అంబాసిడర్ కారులో ప్రాంగణంలోకి వచ్చారు. స్టిక్కరు చూసి దారిచ్చిన ఏర్పాటు అక్కడ ఓడిపోయింది. వారి తీరును అనుమానించింది సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారి. ఆమె చేతిలో ఆయుధం లేదు, వాకీటాకీ ఒక్కటే ఉంది. సహచరులను అప్రమత్తం చేసి, తూటాలకు బలైపోయారు. ఆ తర్వాత పార్లమెంటు భవనం తలుపులు మూతపడ్డాయి, అయిదుగురూ బయటే హతమయ్యారు. ఆమెకు మరణానంతరం అశోకచక్ర ప్రకటించారు. ఆ రోజు భవనాన్ని కాపాడింది అనుమానించగలిగిన మనిషి, వేళకు మూసుకున్న తలుపు. ఆ రెండింటిలో ఏది లేకపోయినా కథ మరోలా ఉండేది.

సరిగ్గా 22 ఏళ్లకు, 2023 డిసెంబరు 13న, కొత్త పార్లమెంటు భవనంలో ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు రంగు పొగ వదిలారు. వారు గోడ దూకి రాలేదు. ఎంపీ సిఫార్సుతో జారీ అయిన పాసులతో, అన్ని అంచెల తనిఖీలూ దాటుకుని వచ్చారు. పొగ డబ్బాలను బూట్లలో దాచారు. లోహాన్ని పసిగట్టే యంత్రానికి అవి చిక్కలేదు, బూట్లు విప్పి చూసే పద్ధతి లేదు. తర్వాతి ఏడాది పార్లమెంటు భద్రత బాధ్యతను సీఐఎస్‌ఎఫ్‌కు అప్పగించారు. గేటు తనకు చెప్పిన పని మాత్రమే చేస్తుందన్నది ఈ ఘటన నేర్పిన పాఠం. పాసు ఉందా అని అడగమంటే అదే అడుగుతుంది. పాసు ఇచ్చినవారు ఎంత జాగ్రత్తగా ఇచ్చారన్నది దానికి తెలియదు.

మినహాయింపులే కన్నాలు

ఎవరిని ఆపాలన్న ప్రశ్నకు చాలా సంస్థలు ‘బయటివారిని’ అని జవాబిస్తాయి. ముప్పు ఎప్పుడూ బయటివారి వేషంలోనే రాదు. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీ రోహిణి న్యాయస్థానంలో ఇద్దరు దుండగులు విచారణ జరుగుతున్న గదిలోనే ఒక గ్యాంగ్‌స్టర్‌ను కాల్చి చంపారు. వారు వేసుకొచ్చింది న్యాయవాదుల నల్లకోటు. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ సాకేత్ న్యాయస్థానంలో ఒక మహిళపై కాల్పులు జరిపిన వ్యక్తి కూడా న్యాయవాది దుస్తుల్లోనే వచ్చాడు. న్యాయస్థానాల గేట్ల దగ్గర కక్షిదారుల జేబులు తడిమే సిబ్బంది నల్లకోట్ల జోలికి వెళ్లడానికి జంకడం రివాజు. ఆ గౌరవాన్నే దుండగులు తోవగా మలచుకున్నారు.

కొలంబోది మరో రకం పాఠం. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ రోజు ఉదయం షాంగ్రి-లా, సినమన్ గ్రాండ్, కింగ్స్‌బరీ హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగాయి. చర్చిల్లో, హోటళ్లలో కలిపి 260 మందికి పైగా చనిపోయారు. బాంబర్లలో కొందరు ముందే గదులు తీసుకుని అతిథులుగా దిగినవారు. వారి చేతుల్లో గది తాళం ఉంది, అల్పాహారానికి వెళ్లే హక్కు ఉంది. అటువంటివారిని ప్రవేశ ద్వారం దగ్గరి గేటు ఏం చేయగలదు? లగేజీ తనిఖీ, బస చేసినవారి వివరాల పరిశీలన, అంతకుముందే అందిన నిఘా హెచ్చరికలపై చర్య... ఇవి ఆపాల్సిన దాడి అది.

అందువల్ల గేటు కొనేముందు చేయాల్సిన మొదటి పని మినహాయింపుల జాబితా రాసుకోవడం. ఉన్నతాధికారి వాహనంలో నేరుగా సెల్లార్‌లోకి వచ్చి లిఫ్ట్ ఎక్కుతారా? క్యాంటీన్ సరకులు ఏ తలుపు నుంచి వస్తున్నాయి? రాత్రి శుభ్రం చేసేవారికి ఎవరి కార్డు ఇస్తున్నారు? సిగరెట్ తాగేవారు పక్క తలుపుకు ఇటుక అడ్డం పెట్టి బయటికి వెళ్తున్నారా? ముందు లాబీలో ఖరీదైన గాజు గేట్లు పెట్టి వెనక తలుపును గాలికి వదిలేస్తే, తలుపు లేని ఇంటికి తాళం వేసినట్లే ఉంటుంది.

ఏ చోటికి ఏ గేటు?

మార్కెట్లో దొరికే పాదచారుల గేట్లు ప్రధానంగా అయిదు రకాలు. అన్నింటికంటే చవకైనది ట్రైపాడ్ టర్న్‌స్టైల్. నడుము ఎత్తులో మూడు ఉక్కు చేతులు ఉంటాయి. కార్డు చూపితే ఒక చేయి తిరిగి ఒక్కరిని వదులుతుంది. గట్టిది, మరమ్మతు తేలిక, ఫ్యాక్టరీ షిఫ్టులకు పనికొస్తుంది. కానీ కుర్రవాడు దాన్ని ఎగిరి దూకగలడు, పిల్లవాడు కింద నుంచి దూరగలడు. పక్కన కాపలాదారు లేకపోతే అది అలంకారమే. చీర కుచ్చిళ్లు, సంచులు దానికి చిక్కుకుంటాయి. గర్భిణులు, వృద్ధులు దాన్ని నెట్టుకుంటూ వెళ్లడానికి ఇబ్బంది పడతారు.

రెండోది నిలువెత్తు టర్న్‌స్టైల్. పంజరంలా తల కంటే పైకి ఉండి, కడ్డీల మధ్య నుంచి ఒక్కొక్కరే తిరిగి రావాలి. దూకడానికి, దూరడానికి వీలుండదు. కాపలా లేని ప్రహరీ ద్వారాలకు, విద్యుత్ కేంద్రాలకు, గిడ్డంగులకు, రక్షణ ఉత్పత్తి కర్మాగారాలకు ఇది తగినది. వేగం మాత్రం తక్కువ. మంటలు చెలరేగినప్పుడు జనం బయటికి పరుగెత్తడానికి ఇది ఏమాత్రం పనికిరాదు. ఇది ఉన్నచోట పక్కనే విడిగా అత్యవసర ద్వారం ఉండి తీరాలి.

మూడోది ఫ్లాప్ బ్యారియర్. రెండు పెట్టెల మధ్య రెక్కలు లోపలికి ముడుచుకుని దారిస్తాయి. మెట్రో స్టేషన్లలో టికెట్ గేట్లుగా మనకు పరిచయమైనవి ఈ కోవకే చెందుతాయి. రద్దీని తట్టుకుంటుంది. పెట్టెల్లో ఉండే సెన్సర్లు ఒకరి వెనక మరొకరు దూరితే పసిగట్టి అలారం మోగిస్తాయి. నాలుగోది స్వింగ్ గేటు, దాని వేగవంతమైన రూపం స్పీడ్ గేటు. గాజు రెక్కలు తలుపులా తెరుచుకుంటాయి. చక్రాల కుర్చీకి, సామాన్ల బండికి సరిపడా వెడల్పు పెట్టుకోవచ్చు. ఐటీ కార్యాలయాలు, కార్పొరేట్ ఆసుపత్రులు వీటిని ఇష్టపడతాయి. ఇవి కాపలాదారు కనుచూపు మేరలో ఉన్నప్పుడే సార్థకం.

అయిదోది జంట తలుపుల గది. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్నది ఒక్కరేనా అని యంత్రం చూస్తుంది. డేటా కేంద్రాలు, నగదు ఖజానాలు, అణు కేంద్రాల్లోని కీలక గదులకు ఇది సరైనది. రోజుకు వేలమంది వచ్చే ఆసుపత్రి ముంగిట దీన్ని పెట్టాలనుకోవడం అవివేకం.

వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు అర్థం లేదు. ఒకే భవనంలో మూడు రకాలు అవసరం కావచ్చు. ప్రహరీ దగ్గర నిలువెత్తుది, లాబీలో ఫ్లాప్ గేటు, సర్వర్ గది ముందు జంట తలుపులు. లోపలికి వెళ్లేకొద్దీ అంచెలు బిగుసుకోవాలి. అన్ని బిగింపులూ వీధి గుమ్మం దగ్గరే పెడితే జనం వీధిలోనే నిలబడిపోతారు. ఢిల్లీ హైకోర్టు గేటు బయట జరిగిందే మళ్లీ జరుగుతుంది.

కరపత్రం చెప్పే లెక్క, గుమ్మం దగ్గర లెక్క

గేటు నిమిషానికి 30 మందిని వదులుతుందని తయారీదారుల కరపత్రాలు చెబుతాయి. అది యంత్రం సత్తా. మనిషి కార్డు కోసం జేబు తడుముకుంటాడు, ఒకసారి తప్పు వైపు చూపిస్తాడు, ఫోను మాట్లాడుతూ ఆగుతాడు. టర్న్‌స్టైళ్లతో సుదీర్ఘ అనుభవం ఉన్న బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు ప్రామాణికంగా భావించే మార్గదర్శి, ఒక్కో టర్న్‌స్టైల్‌కు గంటకు 660 మందికి మించి లెక్కగట్టవద్దంటుంది. అంటే నిమిషానికి 11 మంది.

ఆ జాగ్రత్త వెనక పెద్ద విషాదం ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి కేటాయించింది ఏడు టర్న్‌స్టైళ్లు. గంటకు 660 చొప్పున లెక్క వేస్తే వారందరూ లోపలికి రావడానికి రెండు గంటలకు పైనే పట్టాలి. ఆట మొదలయ్యే వేళకు బయట ఊపిరాడని ఒత్తిడి పెరిగింది. దాన్ని తగ్గించడానికి పోలీసులు పక్కనున్న నిష్క్రమణ గేటు తెరిపించారు. జనం అప్పటికే నిండిన కంచెల మధ్యకు పోటెత్తారు. ఆ తొక్కిడిలో 97 మంది బలయ్యారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర విజయోత్సవానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలో మరణించినప్పుడు, దేశాలు వేరైనా గేటు దగ్గరి ఒత్తిడి ఒకటేనని తేలింది.

కార్యాలయానికి ఇదే లెక్కను అన్వయించి చూద్దాం. ఒక భవనంలో 3,000 మంది పనిచేస్తారు. వారిలో సగం మంది ఉదయం అరగంటలో వస్తారనుకుంటే నిమిషానికి 50 మంది. కరపత్రం ప్రకారం రెండు లేన్లు చాలు. అలవాటుపడిన ఉద్యోగులు నిమిషానికి 20 మంది చొప్పున వెళ్తారని కాస్త ఉదారంగా లెక్కించినా మూడు లేన్లు కావాలి. ఒకటి పాడైతే ఆదుకోవడానికి మరొకటి, చక్రాల కుర్చీకి వెడల్పాటిది ఇంకొకటి. మొత్తం అయిదు. అసలు ఇరుకు ఇంకోచోట ఉంది. ప్రతి సంచినీ తెరిచి చూడాలంటే మనిషికి 15 సెకన్లు పడుతుందనుకుందాం. ఒక తనిఖీదారు నిమిషానికి నలుగురినే వదలగలడు. నిమిషానికి 50 మందిని వదలాలంటే 13 మంది తనిఖీదారులు కావాలి. ఉన్నది ఇద్దరే అయితే రెండింటిలో ఒకటి జరుగుతుంది. వరస వీధిలోకి పెరుగుతుంది, లేదా తనిఖీ ఉత్తుత్తిదవుతుంది. మన మాల్స్‌లో లోహ శోధక చట్రం కీచుమంటూ ఉండగానే జనం దాని కింద నుంచి సాగిపోవడం రెండో రకం. గేటు వేగం పెంచడానికి డబ్బు ఖర్చు చేసి, తనిఖీ సిబ్బందిని పెంచకపోతే ఆ ఖర్చు వృథా.

లోపలివారు బయటపడేదెలా?

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలైన మంటల పొగ బాల్కనీని కమ్మేసింది. 59 మంది చనిపోయారు. అదనపు సీట్ల కోసం బాల్కనీలో ఒకవైపు దారిని మూసేశారని న్యాయస్థానాల విచారణలో వెల్లడైంది. 2012 సెప్టెంబరులో కరాచీ బల్దియా ప్రాంతంలోని దుస్తుల ఫ్యాక్టరీ తగలబడినప్పుడు తాళం వేసిన తలుపులు, కిటికీల ఇనుప ఊచలు కార్మికులను లోపలే బంధించాయి. 250 మందికి పైగా మరణించారు. ఆ మంటలు దుండగులు పెట్టినవేనని తర్వాత న్యాయస్థానం తేల్చింది. నిప్పు పెట్టింది ఎవరైనా, బయటికి దారి లేకుండా చేసింది తాళాలే. అదే ఏడాది నవంబరు 24న ఢాకా శివారులోని తజ్రీన్ ఫ్యాక్టరీలో 110 మందికి పైగా చనిపోయారు. అలారం మోగాక కూడా అంతస్తుల దగ్గర కొలాప్సిబుల్ గేట్లకు తాళాలున్నాయి. 2013 ఏప్రిల్‌లో రాణా ప్లాజా కూలిన తర్వాత అంతర్జాతీయ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న భద్రతా ఒప్పందం కింద జరిగిన తనిఖీల్లో, ఆ కొలాప్సిబుల్ గేట్లను తొలగించడం మొదటి షరతుల్లో ఒకటైంది.

ఈ తాళాలు వేసినవారు తమ దృష్టిలో భద్రత కోసమే వేశారు. సరకు దొంగతనం జరగకూడదు, పనివేళల్లో ఎవరూ బయటికి పోకూడదు. ఆపాల్సినవారిని ఆపడంపైనే కన్ను పెట్టి, వదలాల్సినవారిని మరచిపోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఒకే ఒక ఇరుకు దారి ఉన్న ఇంట్లో అగ్నిప్రమాదం 17 మందిని బలి తీసుకుంది. అక్కడ గేటు ఊసే లేదు, ఉన్నదల్లా దారి ఇరుకే. బయటికి వచ్చే తోవ ఎంత ముఖ్యమో మన నగరం నడిబొడ్డున తెలిసివచ్చింది.

నిష్క్రమణ తలుపును లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరవగలగాలని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. ఎలక్ట్రానిక్ గేటుకూ ఈ సూత్రమే ప్రాణం. కరెంటు పోయినప్పుడు తెరుచుకునే గేట్లు ఉన్నాయి, బిగుసుకుపోయే గేట్లూ ఉన్నాయి. జనం నడిచే దారిలో మొదటి రకమే ఉండాలి. ఫైర్ అలారం మోగిన క్షణంలోనే ఫ్లాప్ గేటు రెక్కలు ముడుచుకోవాలి, ట్రైపాడ్ చేయి కిందికి వాలిపోవాలి. మెట్రో స్టేషన్లలో అత్యవసర మీట నొక్కితే టికెట్ గేట్లన్నీ ఒక్కసారిగా తెరుచుకునే ఏర్పాటు ఇలాంటిదే. ఖజానా, సర్వర్ గది వంటి చోట్ల బయటి నుంచి లోపలికి వచ్చే వైపు బిగుసుకున్నా, లోపల చిక్కుకున్న మనిషి చేత్తో తోస్తే తెరుచుకునే వీలుండాలి.

గేటు తెరుచుకున్నా చాలదు. లేన్ల మధ్య పెట్టెలు అక్కడే ఉంటాయి. అయిదు లేన్ల మీదుగా 3,000 మంది ఒకేసారి పరుగెత్తలేరు. పొగలో ఆ పెట్టెలు తట్టుకుని పడిపోతారు. ఆ గోడకే పక్కన, నెడితే బయటికి తెరుచుకునే వెడల్పాటి తలుపు ఉండాలి. దొంగచాటుగా వాడతారన్న భయం ఉంటే దానికి అలారం పెట్టాలి, తాళం వద్దు.

కార్డు మోసం, ముఖం గుట్టు

ఉక్కు ఎంత మందంగా ఉన్నా, దాన్ని తెరిచేది ఒక చిన్న సంకేతమే. మన కార్యాలయాల్లో ఇప్పటికీ వాడుతున్న పాత తరహా దగ్గర పెట్టే కార్డుల్లో నంబరు తప్ప రహస్యం ఏమీ ఉండదు. చవక పరికరంతో దాని నకలు తీయవచ్చు. అంతకంటే భద్రమైనదని పేరొందిన మైఫేర్ క్లాసిక్ కార్డు గూఢలిపిని నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించి చూపారు. కార్డు రీడర్ నుంచి కంట్రోలర్‌కు వెళ్లే తీగ కూడా బలహీన లంకె. పాత వీగాండ్ పద్ధతిలో ఆ సమాచారం రహస్య లిపి లేకుండానే ప్రయాణిస్తుంది. గేటు కొనేటప్పుడు రెక్కల మెరుపు చూసేవారు కార్డు ఏ తరానిది, తీగలో సమాచారం గూఢలిపిలో వెళుతోందా అని అడగడం అంతకన్నా ముఖ్యం.

ఒకసారి లోపలికి వెళ్లిన కార్డు బయటికి రాకుండా మళ్లీ లోపలికి పనిచేయకూడదన్న నిబంధనను యంత్రంలోనే పెట్టవచ్చు. కిటికీలోంచి స్నేహితుడికి కార్డు అందించే అలవాటుకు అది చెక్ పెడుతుంది. మంటలు రేగినప్పుడు లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో అగ్నిమాపక సిబ్బందికి చెప్పేదీ ఆ లెక్కే. ఉద్యోగం మానేసినవారి కార్డును అదే రోజు రద్దు చేసే క్రమశిక్షణ లేకపోతే ఇవన్నీ నిష్ఫలం.

ముఖం చూసి తెరుచుకునే గేట్లు ఇప్పుడు కొత్త మోజు. 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో డిజియాత్ర మొదలై, తర్వాత హైదరాబాద్, విజయవాడలకు విస్తరించింది. కార్డు పోతే మార్చుకోవచ్చు. ముఖం, వేలిముద్ర వివరాలు లీకైతే మార్చుకునేది లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. మందు కొనుక్కోవడానికి ఆసుపత్రికి వచ్చిన వ్యక్తి ముఖాన్ని భద్రపరచాల్సిన అవసరం ఏమిటో ఆ సంస్థ చెప్పగలగాలి. అణు కేంద్రానికి తగిన ఏర్పాటు అపార్ట్‌మెంటుకు తగదు.

జాతీయ భద్రత కోణం ఒకటి ఉంది. గేటును నడిపే కంట్రోలర్ ఒక చిన్న కంప్యూటర్. అది ఇంటర్నెట్‌కు కలిస్తే దూరం నుంచి తెరిచే వీలూ కలుగుతుంది. దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. విదేశీ కెమెరాల ద్వారా సమాచారం జారిపోతుందన్న ఆందోళనే అందుకు కారణం. రక్షణ సంస్థలు, విద్యుత్ కేంద్రాలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ గేటు కంట్రోలర్ల గురించి కూడా అదే ప్రశ్న వేసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిది, అప్‌డేట్లు ఎక్కడి నుంచి వస్తాయి, సరఫరాదారు ఇచ్చిన పాస్‌వర్డు మార్చారా?

అందరికీ దారి, పక్కన మనిషి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాల్లోకి అందరికీ ప్రవేశం ఉండాలంటోంది. చక్రాల కుర్చీ సాఫీగా వెళ్లాలంటే కనీసం 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. మామూలు లేన్ సుమారు 55-60 సెంటీమీటర్లే. వెడల్పాటి లేన్ లేనిచోట దివ్యాంగులను సరకుల తలుపు వైపు పంపుతున్నారు. అది వారికి అవమానం. కాపలా లేని ఆ తలుపు రోజంతా తెరిచి ఉండటం భద్రతకూ చేటు. వెడల్పాటి లేన్ ఒకటి పెడితే రెండు సమస్యలూ తీరతాయి.

గేటు ఎంత తెలివైనదైనా దాని పక్కన నిలబడే మనిషిని బట్టే దాని విలువ. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం కాపలాదారుకు కనీసం 160 గంటల శిక్షణ ఇవ్వాలి. అందులో వంద గంటలు తరగతి గదిలో, 60 గంటలు క్షేత్రంలో. పగలూ రాత్రీ పన్నెండేసి గంటలు నిలబడి, చాలీచాలని జీతంతో పనిచేసే కాపలాదారుకు నిజంగా ఆ శిక్షణ అందిందా అని అడిగే యాజమాన్యాలు తక్కువ. మేనేజరు కార్డు మరచి వస్తే ఆపే ధైర్యం అతనికి ఎవరిస్తారు? ఆపినందుకు చీవాట్లు తిన్న కాపలాదారు మర్నాడు ఎవరినీ ఆపడు. కమలేశ్ కుమారి లాంటి అప్రమత్తత యంత్రంతో పాటు పెట్టెలో ప్యాక్ చేసి రాదు.

చట్టం ఉంది, పరీక్ష ఏదీ?

2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగిన ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలు సీసీ కెమెరాలతో పాటు రాకపోకల నియంత్రణ ఏర్పాట్లు చేసుకోవాలని, చిత్రీకరించిన దృశ్యాలను 30 రోజులు దాచాలని అది నిర్దేశించింది. ఆ చట్టం వల్ల తెలుగు నగరాల్లో కెమెరాలు విస్తరించాయి. అయితే దిల్‌సుఖ్‌నగర్ బాంబులు పేలింది ఏ గేటూ లేని రద్దీ వీధిలో. భవనం గుమ్మానికి గేటు పెట్టినంతలో వీధి భద్రమైపోదన్న సంగతీ అందరూ గుర్తుంచుకోవాలి.

తక్కువ ధర కోట్ చేసినవారికే పని అప్పగించే టెండర్ల పద్ధతిలో గేటు నాణ్యత కాగితాలకే పరిమితమవుతోంది. కొనేముందు ఒక లేన్‌ను వారం రోజులు గుమ్మం దగ్గర నిలబెట్టి, ఉదయం రద్దీలో నిమిషానికి నిజంగా ఎంతమంది వెళ్తున్నారో లెక్కించాలి. కరెంటు తీసేసి చూడాలి. ఫైర్ అలారం మోగించి, రెక్కలు తెరుచుకున్నాయో లేదో చూడాలి. చక్రాల కుర్చీలో ఒకరిని, సామాన్లతో ఒకరిని, పిల్లను ఎత్తుకున్న తల్లిని పంపి చూడాలి. మరమ్మతు చేసేవాడు ఎన్ని గంటల్లో వస్తాడో ఒప్పందంలో రాయించాలి. పాడైన గేటును తాడుతో కట్టేసి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే దృశ్యాలు మన కార్యాలయాల్లో కొత్త కాదు. గేటు పెట్టాక కూడా ఆరు నెలలకోసారి ఈ పరీక్షలన్నీ మళ్లీ జరగాలి. అగ్నిమాపక అధికారి, భద్రతాధికారి ఒకే రోజు కలిసి వచ్చి చూస్తే మరీ మంచిది. ఒకరు మూయమనే తలుపును మరొకరు తెరవమంటారు. ఆ వాదన ఆపద వచ్చిన రోజున కాకుండా, ముందుగా ఆ గుమ్మం దగ్గరే తేలాలి.

మనం రోజూ దాటే గేటు దగ్గర కాస్త ఆగి చూస్తే చాలు. పక్కన నెడితే తెరుచుకునే తలుపు ఉందా? దానికి తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు ఆ భవనంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెంటనే చెప్పలేని భవనంలో ఎన్ని గేట్లున్నా భద్రత లేనట్లే.